ఫారీ: ‘పలుకుతున్నాను’ అనలేని లాటిన్ క్రియ

‘వద్దు’ అనే మాటకు భూతకాలం చెప్పమంటే ఎవరైనా కాసేపు తడుముకోవాల్సిందే. ‘వద్దన్నాడు’ అంటాం, ‘వద్దనుకున్నాం’ అంటాం. అక్కడ కాలాన్ని మోస్తున్నది ‘అను’ తప్ప ‘వద్దు’ కాదు. ‘లేదు’ సంగతీ ఇంచుమించు అంతే. నిన్న లేదు, ఇవాళ లేదు, రెండింటికీ ఒకటే రూపం. రేపటికి వచ్చేసరికి ‘ఉండదు’ దగ్గర అప్పు తెచ్చుకోవాలి. ఇలా కొన్ని రూపాలు మాత్రమే ఉండి, తక్కినవి లేని క్రియలు చాలా భాషల్లో కనిపిస్తాయి. లాటిన్‌లో అలాంటివాటిలో బాగా చిత్రమైనది ‘ఫారీ’. దాని అర్థం ‘పలకడం’. పలకడం అనే ఆ క్రియకు ‘నేను పలుకుతున్నాను’ అనే రూపం లేదు.

లాటిన్ నిఘంటువుల్లో ఒక ఆనవాయితీ ఉంది. ఏ క్రియనైనా వర్తమానకాలంలో ‘నేను’ రూపంతో మొదలుపెట్టి చూపిస్తారు. ‘ప్రేమించు’ కావాలంటే ‘ప్రేమిస్తున్నాను’ అనే అర్థమున్న ‘అమో’ దగ్గర వెతకాలి. ఆ లెక్కన మన క్రియ ‘ఫొర్’ దగ్గర ఉండాలి. ఉంటుంది కూడా. కానీ ఆ ‘ఫొర్’ని రోమన్ రచయితలెవరూ వాడలేదు. ఊళ్లో లేని మనిషి పేరు మీద ఇంటి నంబరు వేసినట్టన్నమాట.

దొరికే రూపాలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వర్తమానంలో ‘ఫాతుర్’, అంటే పలుకుతాడు లేదా పలుకుతుంది. బహువచనంలో ‘ఫంతుర్’, పలుకుతారు. భవిష్యత్తులో ‘ఫాబొర్’ పలుకుతాను, ‘ఫాబితుర్’ పలుకుతాడు. ‘పలుకు!’ అని అడగడానికి ‘ఫారె’. ఇవి కాక ‘ఫందో’, ‘ఫాతూ’ వంటి నామరూపాలు మూడు నాలుగు ఉన్నాయి. ‘పలికినవాడు’ అనే అర్థమున్న ‘ఫాతుస్’కి ‘ఉండు’ క్రియను జోడించి చేసే భూతకాలం మాత్రం నిండుగానే ఉంది. అంటే ‘పలికాను’ అనొచ్చు, ‘పలుకుతాను’ అనొచ్చు. ఇప్పుడు, ఈ క్షణాన, నేను పలుకుతున్నాను అనడానికే వీల్లేదు.

ఎందుకిలా? ‘ఫొర్’ వాడుకలో లేదన్న సంగతి పాత లాటిన్ వ్యాకర్తలే గమనించారు. ‘ఇవ్వు’ క్రియకు ‘నేను ఇవ్వబడుతున్నాను’ అనే అర్థంలో రావాల్సిన ‘దొర్’ కూడా అలాగే లేదు. ఒక్క అక్షరంలోనే అయిపోయే ఈ పొట్టి రూపాలు చెవికి ఇంపుగా లేక పక్కకు తప్పుకున్నాయని ఒక వివరణ. అది కొంతవరకే నిలుస్తుంది. ‘ఇస్తున్నాను’ అనే ‘దో’, ‘నిలబడి ఉన్నాను’ అనే ‘స్తో’ కూడా అంతే పొట్టివి, అయినా వాటిని రోమన్లు రోజంతా వాడుకున్నారు. దీనికన్నా ఆ క్రియ స్వభావాన్ని చూస్తేనే జవాబు దొరికేలా ఉంది.

తెలుగులో ‘నుడువు’ అనే క్రియను తీసుకోండి. ‘అని నుడివెను’ అని పాత పుస్తకాల్లో చదువుతాం. ‘నేను ఇప్పుడు నుడువుతున్నాను’ అని ఎవరైనా అంటే నాటకం వేస్తున్నాడేమో అనుకుంటాం. ఎవరో పెద్దవారు ఏదో గంభీరంగా పలికారని కథకుడు చెప్పడానికి పనికొచ్చే మాట అది, తన గురించి తాను చెప్పుకోవడానికి కాదు. విచిత్రంగా క్రియ మూలన పడ్డా దాని పిల్లలు మాత్రం బతికే ఉన్నారు. నానుడి, నుడికారం అని రోజూ రాస్తూనే ఉంటాం. ఫారీ సరిగ్గా ఈ బాపతు. రోమన్లకు మాట్లాడటానికి ‘లొక్వీ’ ఉంది, చెప్పడానికి ‘దీకెరె’ ఉంది, సంభాషణ మధ్యలో ‘అన్నాడు’ అని దూర్చడానికి ‘ఇన్‌క్విత్’ ఉంది. సంతలో, ఇంట్లో, కోర్టులో పని నడిపినవి అవే. ఫారీ కవిత్వానికీ పూజకూ మిగిలిపోయిన పాత మాట. దీనికి ఉపసర్గ చేర్చి చేసిన ‘ఎఫ్ఫారీ’ని రోమన్ వక్త సిసెరో పాత మాటల జాబితాలోనే వేశాడు. వక్తృత్వం మీద ఆయన రాసిన సంభాషణ గ్రంథంలో క్రాసుస్ అనే పాత్ర, ఇలాంటి మాటల్ని చోటు చూసి వాడితే ప్రసంగానికి ఒక పెద్దరికం, పాతదనం వస్తాయని అంటుంది. చోటు చూసి అన్నది గమనించాలి.

రూపాల విషయంలో ఇంకో మెలిక ఉంది. ఫాతుర్ చివర ఉన్న ‘తుర్’ నిజానికి కర్మణి ప్రత్యయం. ‘అమత్’ అంటే ప్రేమిస్తాడు, ‘అమాతుర్’ అంటే ప్రేమించబడతాడు. ఆ లెక్కన ఫాతుర్ అంటే ‘పలకబడతాడు’ కావాలి. కానీ అర్థం ‘పలుకుతాడు’ అనే. వేషం కర్మణిది, పని కర్తరిది. లాటిన్ నేర్చుకునేవాళ్లను మొదటి ఏడాది బాగా ఏడిపించే క్రియలు ఇవే. తెలుగు పిల్లలకు మాత్రం ఇది అంత కొత్త కాదు. ‘చెప్పబడు’, ‘చేయబడు’ అనేటప్పుడు ‘పడు’ కర్మణిని చేస్తుంది. అదే ‘పడు’ని ‘కష్టపడు’, ‘ఇష్టపడు’, ‘భయపడు’, ‘తొందరపడు’ అనేటప్పుడు చూడండి. కష్టపడేవాడు తానే కర్త. అతన్ని ఎవరూ ఏమీ చేయడం లేదు. సంస్కృతం చదివినవాళ్లకు ఆత్మనేపదం గుర్తొస్తుంది. ‘మాట్లాడు’ అనే అర్థమున్న ‘భాషతే’ కూడా ఆత్మనేపదమే. క్రియ ఫలితం చేసేవాడి మీదికే మళ్లుతుందని సూచించే పాత పద్ధతి ఒకటి ఈ భాషలన్నింటి వెనకా ఉంది. లాటిన్‌లో అది ఈ ‘తుర్’ రూపాల్లో ఇలా కొంత మిగిలింది.

ఈ వేషాన్ని గుర్తుపెట్టుకుంటే ‘ఫాతుం’ అనే మాటలోని తమాషా తెలుస్తుంది. ఇది కూడా ‘ఫాతుస్’ రూపమే, నపుంసకలింగం. పురుషుడికి వాడితే కర్తరి అర్థం: పలికినవాడు. నపుంసకంలో నామవాచకంగా నిలబడేసరికి అర్థం కర్మణికి జారిపోయింది: పలకబడినది. ఎవరో ఒకసారి పలికేశారు, ఇక అదే జరుగుతుంది. అదే విధి. ఇంగ్లిష్ ‘ఫేట్’కి మూలం ఇదే. ఏడో శతాబ్దంలో సెవిల్ బిషప్ ఇసిడోర్ ఈ వ్యుత్పత్తిని సూటిగా ఇచ్చాడు: దేవతలు ఏది పలుకుతారో, దేవతల రాజు యూపితెర్ ఏది పలుకుతాడో అదే ఫాతుం.

మనవైపు విధి అనగానే చేయి నుదుటి మీదికి పోతుంది. తలరాత, నుదుటి రాత, బ్రహ్మ రాసిన రాత అంటాం. తెలుగువాడి విధికి కలం కావాలి, రోమన్ విధికి నోరు చాలు. అయితే ఈ పోలికను మరీ దూరం లాగకూడదు. ఎందుకంటే రోమన్లలోనూ రాసే దేవతలు ఉన్నారు. బిడ్డ పుట్టాక మొదటి వారమంతా యూనో దేవతకు భోజనం పెట్టి, చివరి రోజున ‘ఫాతా స్క్రిబుందా’ను పిలిచేవారని క్రైస్తవ రచయిత తెర్తుల్లియన్ ఎగతాళిగా రాశాడు. పేరుకు అర్థం ‘రాయవలసిన విధులు’. అంటే ఆ పలుకును కూడా ఎవరో పుస్తకంలోకి ఎక్కించాలన్న ఊహ ఇళ్లలో ఉండేది. పేరు మాత్రం నోటిదే: ఫాతా, పలకబడినవి.

ఫారీకీ ఫాతుంకీ ఉన్న చుట్టరికాన్ని వర్జిల్ కన్నా బాగా వాడుకున్న కవి కనపడడు. క్రీ.పూ. 19లో చనిపోయేనాటికి ఆయన ఇంకా దిద్దుతూ ఉన్న ‘ఈనియడ్’ కావ్యం మొదటి భాగంలో ఒక సన్నివేశం ఉంది. ట్రాయ్ నగరం నాశనమయ్యాక బయలుదేరిన కొడుకు ఈనియస్ ఓడలు తుఫానులో చిక్కుకున్నాయి. తల్లి వీనస్ కళ్లనిండా నీళ్లతో తండ్రి యూపితెర్ దగ్గరికి వెళ్లి, నా బిడ్డకు నువ్విచ్చిన మాట ఏమైందని నిలదీస్తుంది. తండ్రి నవ్వుతాడు, కూతురికి ముద్దు పెడతాడు, అప్పుడు ‘తాలియ ఫాతుర్’, ఇలా పలుకుతాడు. ఇది 256వ పాదం. భయం మానుకో, నీవాళ్ల విధి కదలకుండా ఉంది, అంటాడు. అక్కడ ‘విధి’కి వాడిన మాట ‘ఫాతా’. మరో మూడు పాదాలు దాటాక, 261లో, వాక్యం మధ్యలో బ్రాకెట్‌లో పెట్టినట్టు ‘ఫాబొర్ ఎనిమ్’ అంటాడు: నిన్ను ఈ దిగులు కొరుకుతోంది కనుక పలుకుతాను. ఆ వెంటనే 262లో ‘ఫాతోరుం’, విధుల రహస్యాలను విప్పుతాను అని.

ఏడు పాదాల్లో నాలుగు సార్లు. ఫాతుర్, ఫాతా, ఫాబొర్, ఫాతోరుం. ఇది ఊరికే పడిన అనుప్రాస అనుకోవడం కష్టం. ఆ అరుదైన ఉత్తమ పురుష రూపాన్ని, అదీ భవిష్యత్తులో, ఎవరి నోట పెట్టాడో చూడండి. మనుషుల్లో ఎవరూ ‘నేను పలుకుతున్నాను’ అనలేని క్రియతో దేవుడు ‘నేను పలుకుతాను’ అంటున్నాడు. ఆయన పలకబోయేది జోస్యం కాదు. ఆయన పలికితే అది జరిగి తీరుతుంది, ఎందుకంటే విధి అన్న మాటకు అర్థమే ఆయన పలుకు. అనువాదాల్లో ‘చెబుతాను’, ‘విధి’ అని వేర్వేరు మాటలు పడేసరికి ఈ ముడి ఊడిపోతుంది. తెలుగులోకి తెచ్చేవాళ్లకు ఒక చిన్న వెసులుబాటు ఉంది, ‘పలుకు’ మనకు క్రియగానూ నామంగానూ పనిచేస్తుంది. ‘నీవాళ్లకు ఇచ్చిన పలుకు కదలలేదు, పలుకుతాను విను’ అంటే కొంత దక్కుతుంది. విధి అన్న బరువు మాత్రం దక్కదు.

అదే కావ్యం రెండో భాగం మొదట్లో ఈ క్రియ మనుషుల చేతిలో పడుతుంది. అక్కడ దాని ముఖం వేరు. కార్తేజ్ రాణి డైడో విందులో ట్రాయ్ ఎలా కూలిందో చెప్పమని అడుగుతుంది. ఈనియస్ మొదటి మాట ‘ఇన్‌ఫందుం’. ఫారీకి ముందు ‘కాదు’ అనే అర్థమున్న ‘ఇన్’, వెనక ‘తగిన’ అనే అర్థమున్న ప్రత్యయం: నోటితో చెప్పరాని దుఃఖాన్ని మళ్లీ తిరగతోడమంటున్నావు రాణీ, అని. మూడు పాదాల తర్వాత ‘తాలియ ఫందో’ అంటాడు, ఇలాంటివి చెబుతూ ఏ సైనికుడు కన్నీళ్లు ఆపుకోగలడు అని. చెప్పరానిది అన్నవాడే ఆపకుండా రెండు పూర్తి సర్గలు చెబుతాడు. చావు ఇంటికి వెళ్లినప్పుడు ‘ఏం చెప్పమంటావమ్మా’ అని మొదలుపెట్టి గంటసేపు అన్నీ పూసగుచ్చినట్టు చెప్పే పెద్దవాళ్లను చూసినవారికి ఇందులో అలంకారమేమీ కనిపించదు, మామూలు మనిషి మాటే వినిపిస్తుంది.

దేవుళ్ల తర్వాత ఈ క్రియ మీద హక్కు ఉన్నది న్యాయాధికారులకూ పూజారులకూ. రోమన్ క్యాలెండర్‌లో కొన్ని రోజుల పక్కన ‘ఎఫ్’ అనీ, కొన్నింటి పక్కన ‘ఎన్’ అనీ గుర్తు ఉండేది. మొదటివి ‘ఫాస్తీ’, రెండోవి ‘నెఫాస్తీ’. ఈ పేర్లు ఫారీ నుంచే వచ్చాయని క్రీ.పూ. ఒకటో శతాబ్దపు పండితుడు వర్రో వివరించాడు. ప్రైతొర్ అనే న్యాయాధికారి తీర్పులో మూడు మాటలు పలకాలి: ‘దో’, ‘దీకో’, ‘అద్దీకో’. ఇస్తున్నాను, చెబుతున్నాను, అప్పగిస్తున్నాను. ఈ మూడూ పలకడానికి వీలున్న రోజు ఫాస్తుస్, వీల్లేని రోజు నెఫాస్తుస్. మన పంచాంగంలో వర్జ్యం చూసుకున్నట్టే కానీ, ఇక్కడ వర్జ్యం పనికి కాదు, మాటకు.

ఒకవేళ పొరపాటున వీల్లేని రోజు పలికేస్తే? వర్రో దానికీ జవాబు ఇస్తాడు. తెలియక పలికి ఉంటే ఒక బలి ఇచ్చి దోషం తీర్చుకోవాలి. తెలిసే పలికితే ఆ పాపానికి ప్రాయశ్చిత్తమే లేదని న్యాయవేత్త క్వింతుస్ మూకియుస్ అనేవాడట. ఇందులో అసలు చూడాల్సింది ఇంకొకటి. ఆ రోజున ప్రైతొర్ నోరు జారి ఒక బానిసకు విడుదల పలికితే, ఆ బానిస పరిస్థితి ఏమిటి? విడుదలైనట్టే, దోషం ఉన్నా సరే. పలికిన మాట వెనక్కి రాదు. యూపితెర్ ఫాతుంకీ, ఈ కోర్టు గుమ్మం దగ్గరి మాటకూ సూత్రం ఒకటే.

ఏ రోజు మాట చెల్లుతుందో తెలియడమే ఒక అధికారం. ఆ లెక్క చాలాకాలం కొద్దిమంది చేతుల్లోనే ఉండేది. క్రీ.పూ. 304లో గ్నైయుస్ ఫ్లావియుస్ అనే అతను, విడుదలైన బానిస కొడుకు, గుమాస్తాగా పనిచేసి పైకొచ్చినవాడు, ఈ రోజుల పట్టికను తెల్లటి పలక మీద రాయించి ఊరి నడిబొడ్డున పెట్టించాడు. పెద్ద కుటుంబాలవాళ్లకు ఒళ్లు మండింది. కేసు ఎప్పుడు వేయొచ్చో జనానికి తెలిసింది.

వ్యుత్పత్తి చెప్పేటప్పుడు వర్రోకు ఊపు వస్తే ఆగడు. గుడి అనే అర్థమున్న ‘ఫానుం’ కూడా ఫారీ నుంచే వచ్చిందన్నాడు, పూజారులు స్థలం హద్దులను నోటితో పలికి ప్రతిష్ఠించేవారు కాబట్టి. వినడానికి బాగుంటుంది. కానీ ‘ఫానుం’ పండుగ అనే మాటతో చుట్టరికం ఉన్న వేరే ధాతువుదని ఇప్పటి భాషాశాస్త్రవేత్తలు తేల్చారు. ఫాస్తీ, నెఫాస్తీల్లో ఉన్న ‘ఫాస్’ (దైవసమ్మతం) విషయంలో వర్రోనే సరైనవాడని కొందరు, కాదని కొందరు ఇంకా వాదించుకుంటున్నారు. వ్యుత్పత్తి తప్పయినా రోమన్లు అలా నమ్మారన్నది మాత్రం తప్పు కాదు, ఆ నమ్మకమే ఆ మాటలను ఒక కుటుంబంగా నిలబెట్టింది.

ఇంతవరకు చూసినవన్నీ ఆఖరి మాట చెప్పగలిగిన నోళ్లు. ఫారీకి రెండో చివర మొదటి మాట చెప్పే నోరు ఉంది. వర్రో మాటల్లోనే: అర్థమయ్యే శబ్దాన్ని మొదటిసారి నోటి నుంచి వదిలిన మనిషి ఫాతుర్. అంతవరకు పిల్లలు ‘ఇన్‌ఫాంతేస్’, పలకనివారు. ఇంగ్లిష్ ‘ఇన్‌ఫాంట్’ అదే. తెలుగులో పసిగుడ్డు, చంటిపిల్ల అంటాం. ఒళ్లు పచ్చిగా ఉందనో, చన్ను తాగుతుందనో పేరు పెట్టాం. రోమన్లు మాట రాలేదని పేరు పెట్టారు. పిల్లవాడికి మాటలు వచ్చినప్పుడు ఫాబులీనుస్ అనే చిన్న దేవుడికి నైవేద్యం పెట్టేవారని కూడా వర్రో పేరు మీదే తెలుస్తోంది. ఆ దేవుడికి ఉన్న పని అదొక్కటే, పిల్లల మొదటి మాట. ఇంకొక చోట రోమన్ కవి హొరేస్ ఒక స్నేహితుడికి రాస్తూ, పెంచిన దాది తన ముద్దుల బిడ్డకు ఇంతకన్నా ఏం కోరుకుంటుంది అంటాడు: తెలివిగా ఆలోచించి, మనసులో ఉన్నది పలకగలగడం. ఆ ‘పలకగలగడం’ ఫారీయే. బ్రిటన్ మొదటి ప్రధానిగా లెక్కించే రాబర్ట్ వాల్‌పోల్ కుటుంబ నినాదంలోకి ఆ పాదంలోని మూడు మాటలు ఎక్కాయి. దాది కోరిక రాజకీయ నాయకుడి ముద్ర మీద ఏం చేస్తోందో హొరేస్‌కే తెలియాలి.

‘ఇన్‌ఫాంతేస్’కి ఏకవచనమైన ‘ఇన్‌ఫాన్స్’ మీద రోమన్ చట్టం పెద్ద కట్టడమే కట్టింది. వాళ్ల ఒప్పందాల్లో ముఖ్యమైనదొకటి కేవలం నోటితోనే జరిగేది. ‘స్పొందేస్నె?’ అని ఒకరు అడగాలి, హామీ ఇస్తున్నావా అని. ‘స్పొందెయో’ అని రెండోవారు అదే క్రియతో జవాబివ్వాలి. తల ఊపితే చెల్లదు. మూగవారు ఈ ఒప్పందంలోకి రాలేరని న్యాయవేత్త గయుస్ స్పష్టంగా రాశాడు. పలకలేని పసివాడి సంగతి ఇక చెప్పక్కర్లేదు. ‘ఇన్‌ఫాన్స్’ అంటే మొదట అక్షరాలా ‘ఆ మాట పలకలేనివాడు’. పలకడం వేరు, పలికిన దాని అర్థం తెలియడం వేరు కదా అన్న ప్రశ్న తర్వాత వచ్చింది. చివరికి ఏడేళ్ల వయసు దగ్గర గీత గీశారు. ఆరో శతాబ్దపు జస్టినియన్ చట్టసంహితలో ‘ఇన్‌ఫాన్స్’ అంటే ఏడేళ్లలోపువాడు.

ఆ ఏడు అనే అంకె చర్చి చట్టం, ఇంగ్లిష్ కామన్ లా మీదుగా చాలా దూరం నడిచింది. 1860 నాటి భారత శిక్షాస్మృతి 82వ సెక్షన్ ఏడేళ్లలోపు పిల్లలు చేసిన ఏ పనీ నేరం కాదంది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 20వ సెక్షన్‌లోనూ అదే ఏడు ఉంది. ఏడేళ్లకు పిల్లలు ఇల్లు పీకి పందిరేసేంత మాట్లాడతారు, చట్టం దృష్టిలో మాత్రం ఆ వయసు దాటేదాకా వారి పని లెక్కలోకి రాదు. పలకలేనివాడు అన్న మాట, తెలియనివాడు అన్న అర్థంలోకి ఎప్పుడో జరిగిపోయింది. సిసెరో అయితే సభలో సరిగా మాట్లాడలేని పెద్దమనుషులను కూడా ఇదే మాటతో దెప్పేవాడు. ఇటాలియన్‌లో ‘ఇన్‌ఫాంతె’ కుర్రవాడై, ఆపైన గుర్రం లేని కుర్ర సిపాయి అయి, చివరికి ‘ఇన్‌ఫాంట్రీ’గా సైన్యంలో చేరింది. కవాతులో పలకకూడదన్న నియమానికీ దీనికీ సంబంధం లేదు, ఉంటే బాగుండేది.

తక్కిన సంతానం గురించి ఎంత చెప్పినా తరగదు. ‘ఫామా’ అంటే జనం నోళ్లలో పడ్డ మాట. మంచిదైనా చెడ్డదైనా ఒకటే. వర్జిల్ దాన్ని ఒక పక్షిరాక్షసిగా వర్ణించాడు, ఒంటి మీద ఎన్ని ఈకలో అన్ని కళ్లు, అన్ని నాలుకలు, అన్ని చెవులు. ‘ఆ సెంటర్‌లో బిర్యానీ ఫేమస్’ అనేటప్పుడు ఆ రాక్షసి మెల్లగా పక్కన వచ్చి కూర్చుంటుంది. ‘ఫాబులా’ కథ, ముచ్చట, నాటకం. ‘ఫతెయొర్’ ఒప్పుకోవడం, దాని నుంచి చర్చిలో కన్ఫెషన్ వచ్చింది. నేను ఫలానా విద్య తెలిసినవాణ్ణి అని నలుగురిలో ప్రకటించుకోవడం ‘ప్రొఫితెయొర్’, దాని నుంచి ప్రొఫెసర్ వచ్చాడు. ‘ఫాతా’ బహువచనాన్ని ఒక స్త్రీ పేరుగా పొరబడి తర్వాతివాళ్లు దేవకన్యను చేశారు. ఫ్రెంచ్ మీదుగా ఆమే ఇంగ్లిష్ ‘ఫెయిరీ’. పోర్చుగీసువాళ్ల దిగులుపాటలకు ‘ఫాదో’ అని పేరు, అది విధి అనే మాటే.

వాడుకకు దగ్గరగా ఫారీ కనిపించేది ‘ఫందో’ రూపంలో. ‘ఎవరైనా అనుకోగా వినడం’ అనే అర్థంలో దీన్ని సిసెరో ఒకచోట భలే వాడాడు. ఈజిప్టువాడు మొసలికో, ఐబిస్ కొంగకో, పిల్లికో హాని చేశాడని మాటవరసకైనా విన్నారా అని ఒక పాత్ర అడుగుతుంది. ‘మాటవరసకైనా’ అన్నచోట ఉన్నది ‘నే ఫందో క్విదెమ్’. ఇక్కడ గంభీరత లేదు, దేవుడు లేడు, అరుగు మీది కబురే.

లాటిన్ దాటి వెనక్కి వెళ్తే ఈ ధాతువుకు గ్రీకులో తోబుట్టువులు ఉన్నారు. అక్కడ ‘ఫేమి’ అంటే ‘అంటాను’, ఉత్తమ పురుష వర్తమానం, ఏ లోపమూ లేకుండా. కంఠధ్వని అనే అర్థమున్న ‘ఫోనే’ కూడా ఈ ఇంటిదే. జర్మానిక్ శాఖలో అధికారంతో ప్రకటించడం అనే అర్థం నుంచి ‘బ్యాన్’ వచ్చింది. సంస్కృతంలో వేదకాలపు ‘భనతి’ని పలువురు దీనికి బంధువుగానే చూస్తారు. దాని తర్వాతి రూపం ‘భణతి’ నుంచే కావ్యశైలికి మన విమర్శకులు వాడే ‘భణితి’ వచ్చింది. ‘భాష’ కూడా ఈ కుటుంబమే అనేవారున్నారు, అందరూ ఒప్పుకోలేదు.

మరి లాటిన్‌లో ఆ ఖాళీ గది, ‘ఫొర్’ ఉండాల్సిన చోటు, అలాగే ఉండిపోయిందా? మనుమరాలు వచ్చి చేరింది. ఫాబులా నుంచి ‘ఫాబులారీ’ అనే క్రియ పుట్టింది, కబుర్లాడటం అని. క్రీ.పూ. మూడు, రెండు శతాబ్దాల హాస్యనాటకకర్త ప్లౌతుస్ పాత్రలు దీన్ని హాయిగా వాడతాయి. ఐబీరియాలో జనం నోట అదే నిలిచింది. స్పానిష్‌లో మొదటి అక్షరం అరిగి ‘అబ్లార్’ అయింది, పోర్చుగీసులో నడుమ భాగం అరిగి ‘ఫలార్’ అయింది. రెండింటికీ అర్థం మాట్లాడటమే, ఏ గంభీరతా లేకుండా. స్పానిష్ క్లాసు మొదటి వారంలోనే నేర్పే ‘అబ్లో’ అంటే ‘మాట్లాడుతున్నాను’. రోమన్ కవులకు దొరకని రూపం అది.

ఆజ్ఞార్థకం కూడా అలాగే దిగి వచ్చింది. ఈనియడ్ ఆరో భాగంలో ఈనియస్ బతికుండగానే పాతాళానికి వెళ్తే, నదిని దాటించే ముసలి పడవవాడు కారోన్ ఒడ్డున ఆపి గద్దిస్తాడు: ‘ఫారె అగె’, ఎందుకొచ్చావో పలుకు, అక్కడే ఆగు. ఇప్పుడు బ్రెజిల్‌లో దోస్తు ఎదురుపడితే ‘ఫాలా!’ అంటారు. అక్షరాలా ‘మాట్లాడు’ అని, భావం ‘ఏంటి సంగతులు’ అని. తెలుగువాళ్లం ఫోన్ ఎత్తి ‘ఆఁ, చెప్పు’ అన్నట్టే. ఆ ఫోన్ కూడా ‘ఫోనే’ ఇంటిదే.